ఎర్రపిన్ను, తెల్లపిన్ను

నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ పాత సామాన్లు కొనే దుకాణాల ముందు కొన్నేళ్ల కింద ఒక రకం ఇనుప డబ్బాలు కుప్పలుగా కనిపించేవి. మూరెడు వెడల్పు, రెండు వేళ్ల మందం. ముందువైపు ఓ చిన్న ఎర్రలైటు, స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెండు కంట్రోళ్లు. వాటిని తూకానికి అమ్మారు, తూకానికే కొన్నారు. ఇప్పుడా కుప్పలు కూడా లేవు. అవి కేబుల్ టీవీ మాడ్యులేటర్లు. ఒక్కో డబ్బాది ఒక్కో ఛానెల్. ఆ వరుసలో ఎక్కడో ఒకటి మాత్రం ఆ ఊరి సొంత ఛానెల్‌ది.

ఊరికి సొంత ఛానెల్ ఏమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. 1995లో జెమిని, అదే ఏడాది ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాక తెలుగిళ్లకు కేబుల్ కనెక్షన్ తప్పనిసరి అయింది. మిద్దె మీద డిష్‌లు, కింద కంట్రోల్ రూమ్, అక్కడి నుంచి కరెంటు స్తంభాలు పట్టుకుని గల్లీ గల్లీకి నల్లవైరు. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ, గద్వాల, వనపర్తి, నారాయణపేట... కాస్త పెద్ద ఊరైతే చాలు, ఆపరేటర్ దగ్గర ఒక ఛానెల్ ఖాళీగా ఉండేది. అందులో పగలు పాటలు, సాయంత్రం ఊరి వార్తలు. అడుగున స్క్రోలింగ్‌లో చీరల దుకాణం ప్రకటన, పోయిన హాల్‌టికెట్ కబురు, రేపు ఏ వార్డుకు నీళ్లు రావో ఆ సమాచారం. నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ జిల్లాలో నీళ్ల కబురు చిన్న వార్త కాదు.

ఇదంతా నడిచే స్టూడియో చూస్తే మాత్రం నవ్వొచ్చేది. కంట్రోల్ రూమ్ పక్క గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, వెనక ఫొటోస్టూడియో వాళ్ల నీలంగుడ్డ, బల్ల మీద రెండు వీసీఆర్‌లు, ఒక క్యాసెట్ డెక్కు, ఒక అహూజా ఆంప్లిఫయర్, పెళ్లి వీడియోలు తీసే పానాసోనిక్ వీహెచ్ఎస్ కెమెరా. ప్రసారం కోసం తయారైన వస్తువు ఆ గదిలో ఒక్కటీ లేదు. అన్నీ ఇంట్లో పాటలు వినడానికో, అద్దె క్యాసెట్ తెచ్చుకుని సినిమా చూడడానికో పుట్టినవే. వాటిని ఒకదానికొకటి కలిపి ఊరంతటికీ మాట వినిపించేలా చేసేవాడు ఒకడుండేవాడు. మైక్‌సెట్ దుకాణంలో పెరిగినవాడో, ఐటీఐ చదివి రేడియోలు బాగుచేసినవాడో. అతన్నందరూ మెకానిక్ అనే పిలిచేవారు. ఇంజినీర్ అని పిలవాల్సిన పని అతను చేసేవాడు.

*

ఆ పని ఎందుకంత కష్టమో తెలియాలంటే ఆకాశవాణి స్టూడియోకూ ఈ గదికీ ఉన్న తేడా తెలియాలి.

ఆకాశవాణి లాంటి చోట మైకు నుంచి కన్సోల్‌కు వెళ్లే వైరులో ధ్వనిని మోసే తీగలు రెండు. రెండింట్లోనూ ఒకే ధ్వని, కానీ ఎదురెదురు దిశల్లో ఊగుతుంది. దారిలో కరెంటు వైర్ల నుంచి చేరిన రొద మాత్రం రెండు తీగల్లోనూ ఒకేలా ఎక్కుతుంది. అవతలి కొసన ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసేస్తే రొద రొదతో కొట్టుకుపోయి మాట మిగులుతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ లైన్ అంటారు. ఫర్లాంగు దూరం లాగినా పెద్దగా చెడదు.

ఇంటి సామానులో ఈ ఏర్పాటు లేదు. వీసీఆర్ వెనక ఉండేవి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు. పసుపుది బొమ్మ, మిగతావి సౌండు. లోపల ఒకే తీగ, చుట్టూ రాగి జల్లెడ. ఆ జల్లెడే రొదను అడ్డుకోవాలి, సౌండుకు తిరుగుదారి కూడా అదే కావాలి. మీటరు పొడవు వైరుకు సరిపోయే ఏర్పాటు అది. కంట్రోల్ రూమ్ నుంచి గోడ అవతలి స్టూడియోకి, అక్కడి నుంచి మిద్దె మీదికి లాగితే గొడవ మొదలు.

సౌండు మట్టంలోనూ తేడాయే. ప్రొఫెషనల్ సామాను మామూలు మట్టం సుమారు 1.23 వోల్టులు, ఇంటి డెక్కుది 0.316. దాదాపు నాలుగింతలు. పెద్ద మిక్సర్ ఎవరిదగ్గరైనా అరువు తెచ్చి నేరుగా వీసీఆర్‌లో గుచ్చితే వార్తలు చదివే అమ్మాయి గొంతు పగిలిన డప్పులా వచ్చేది. ఇంటి డెక్కును తీసుకెళ్లి పెద్ద మిక్సర్‌లో గుచ్చితే పాట పాతాళంలోంచి వినిపించేది. పెంచితే పాటతోపాటు బుస్సుమనే చప్పుడూ పెరిగేది. మెకానిక్ దీనికి పుస్తకం తిరగేయడు. పిన్ను లోపలే రెండు రెసిస్టర్లు అతికించి, పక్కన ఓ ప్రీసెట్ పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో వెంట్రుకవాసి తిప్పుతూ, తల పక్కకు వంచి వినేవాడు. సరిపోయిందనిపించగానే దాని మీద నెయిల్‌పాలిష్ చుక్క వేసేవాడు, ఇంకెవరూ తిప్పకుండా.

*

ఆ రోజుల్ని గుర్తుచేసుకునే వాళ్లెవరైనా మొదట చెప్పేది హమ్మింగ్ గురించే. బుయ్యిమనే ఆ మోత. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపు సౌండు వైరులోకి దూరితే వచ్చే చప్పుడది.

ఇక్కడ నేలకూ దీంతో సంబంధం ఉంది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) నేలలు చాలావరకు నల్లరాతి మీద పలచగా పరుచుకున్న ఎర్రచల్కలు. ఎండాకాలం వస్తే జానెడు లోతున కూడా తడి ఉండదు. ఎర్తింగ్ అంటే కరెంటుకు నేలలోకి దారి. నేల ఎండితే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే బొగ్గూ ఉప్పూ నింపిన ఎర్త్ గుంతలో వేసవి పొద్దున్నే రెండు బక్కెట్ల నీళ్లు పోయడం కంట్రోల్ రూమ్ కుర్రాడి మొదటి పని. తాగడానికే నీళ్లు చాలని గల్లీలో టీవీ సౌండు కోసం గుంతలో నీళ్లు పోస్తుంటే పక్కింటివాళ్లు ఊరుకుంటారా? "ఏందిరా, ఉప్పుకు నీళ్లు పోస్తున్నవ్, మొలకలొస్తయా?" అని ఎవరో ఒకరు అనేవారు. నీళ్లు పోయని రోజున సాయంత్రం వార్తల్లో ఆ సంగతి ఊరంతటికీ వినిపించేది.

గొడవ ఒక్క ఎర్త్‌తోనే ఐతే తేలికే. మిద్దె మీద డిష్‌కు ఒక ఎర్త్, కరెంటు బోర్డుకు ఇంకొకటి. వీధిలోంచి వచ్చే నల్లవైరు వందల ఇళ్ల టీవీలను ముట్టుకుని వస్తుంది గనుక వాటి లీకేజీ అంతా జల్లెడలో మోసుకొస్తుంది. పాత టీవీల చాసిస్‌లో కరెంటు ఉండేది కాబట్టి కేబుల్ పిన్ను పట్టుకుంటే వేలు జిల్లుమనడం ఆ తరం పిల్లలందరికీ తెలుసు. ఇన్ని ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా ఉంటే సౌండు వైరు జల్లెడే వాటికి వంతెనవుతుంది. కరెంటు దాని మీదుగా తిరుగుతుంది, మోత మొదలవుతుంది.

మెకానిక్ దాన్ని వెతికే తీరు చూడాల్సిందే. ముందు ఫ్యాను బంద్ చేయించేవాడు. మోత పోతే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ దోషం. తర్వాత ట్యూబ్‌లైటు. పోకపోతే వెనక పిన్నులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చేవాడు. ఏది పీకితే గది నిశ్శబ్దమవుతుందో అక్కడే దొంగ. చప్పుడులోనే తేడాలు పట్టేవాడు. లావుగా బుయ్యిమంటే ఎర్త్, లేదా జల్లెడ తెగింది. సన్నగా జిర్రుమంటే రెగ్యులేటర్. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే గర్రుమంటే అది ఇన్వర్టర్ గుణం, దానికి మందు లేదు. నాలుగో రకం ఒకటుంది, కొత్తవాళ్లను అదే ముప్పుతిప్పలు పెట్టేది. తెరమీద తెల్లటి పెద్ద అక్షరాలు రాగానే జిర్రుమని, అక్షరాలు పోగానే ఆగిపోయేది. సౌండు వైర్లన్నీ మార్చినా పోదు, ఎందుకంటే తప్పు సౌండులో లేదు. మాడ్యులేటర్‌లో వీడియో మట్టం ఎక్కువై, తెలుపు వచ్చినప్పుడల్లా సిగ్నల్ అడుగంటిపోయి, దాన్ని ఆధారం చేసుకున్న ధ్వని తెగిపోతోంది. ముందున్న రెండు కంట్రోళ్లలో వీడియోది కాస్త వెనక్కి తిప్పితే సరి. నగల దుకాణం ప్రకటన వచ్చినప్పుడే టీవీ ఎందుకు అరుస్తుందని దుకాణదారు గొడవపెట్టుకోవడం వెనకున్న సైన్సు ఇంతే.

ఎర్త్ గొడవకు మందులు రెండు. ఒకటి అడ్డదారి: మూడుకాళ్ల ప్లగ్గులో పెద్దకాలు పీకేయడం. మోత పోతుంది, రక్షణా పోతుంది. తేడా వస్తే డెక్కు ఇనుపపెట్టె మీద చెయ్యి వేసినవాడి ప్రాణం మీదికే వస్తుంది. చాలా గదుల్లో పెద్దకాలు లేని ప్లగ్గులే ఉండేవన్నది ఆ కాలాన్ని మురిపెంగా తలుచుకునేవాళ్లు మరిచిపోయే నిజం. రెండోది అసలైన దారి: పాడైన ట్రాన్సిస్టర్ రేడియో విప్పి అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి సౌండు దారిలో పెట్టడం. రెండు చుట్ల మధ్య తీగ సంబంధం ఉండదు, అయస్కాంతం మీదుగా ధ్వని దాటుతుంది, ఎర్త్ దాటదు. బాస్ కొంత తగ్గేది. ఊరి వార్తలకు బాస్ ఎందుకు?

*

సామాను కోసం ఎప్పుడైనా హైదరాబాదే. పొద్దున ఎర్రబస్సెక్కితే మధ్యాహ్నానికి కోఠి. గుజరాతీ గల్లీ దుకాణాల్లో షీల్డు వైరు మీటర్ల లెక్కన, పిన్నులు డజన్ల లెక్కన. పెద్ద జాక్‌ను పీ-38 అనేవారు, చిన్నదాన్ని ఈపీ. పాత డెక్కులకు ఐదుకాళ్ల డిన్ పిన్ను. మైకులకు మూడుకాళ్ల కానన్. ఏ దుకాణంలోది ఇత్తడి పిన్ను, ఏది పైపూత రేకు అన్నది పట్టుకుని బరువు చూసి చెప్పేవారు.

ఆ పిన్నును వైరుకు అతికించడం ఒక విద్య. బ్లేడుతో పైతొడుగు గుండ్రంగా కోయాలి, లోపలి జల్లెడ వెంట్రుక కూడా తెగకూడదు. జల్లెడను పక్కకు దువ్వి, మెలేసి, సోల్డరింగ్ ఐరన్‌తో దానికి లెడ్ పట్టించాలి. నడిమి తీగ ప్లాస్టిక్ వేడికి త్వరగా కరిగిపోతుంది, కాబట్టి ఐరన్ ఆనించి తీయడం రెప్పపాటులో అయిపోవాలి. పేస్టు పొగ ముక్కుకెక్కుతుంది. చల్లారేదాకా పిన్ను కదలకూడదు, కదిలితే అతుకు బూడిదరంగుకు తిరుగుతుంది. మెరిసేది మంచి అతుకు, మసకది దొంగ అతుకు. దొంగ అతుకు ఆరోజు పనిచేస్తుంది, నెలరోజుల తర్వాత లైవ్ మధ్యలో వదిలేస్తుంది.

*

ఇంత చేసినా సౌండు గొప్పగా ఏమీ ఉండేది కాదు. దానికి కారణం మెకానిక్ కాదు, టేపు. పాటల క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. మన దేశంలో వాడే పాల్ పద్ధతి వీహెచ్ఎస్‌లో మామూలు సౌండు ట్రాకు నడిచేది 2.34 సెంటీమీటర్లే, అందులో సగం. ఆకాశవాణి స్పూలు టేపు వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. టేపు ఎంత నిదానిస్తే గొంతులోని సన్నదనం అంత పోతుంది. బతుకమ్మ పాట రికార్డు చేసి వేస్తే చప్పట్లు మెత్తటి దిండు మీద కొట్టినట్టు వినిపించేవి. అదే టేపును ఎడిటింగ్ కోసం ఇంకో టేపు మీదికి ఎక్కిస్తే మరింత మసక. అందుకని తెలివైన మెకానిక్‌లు బొమ్మ వీసీఆర్ నుంచి, పాట విడిగా క్యాసెట్ డెక్కు నుంచి వేసి రెండింటినీ ఒకేసారి నొక్కేవారు. పెదవులు కలవకపోయినా పాట బాగుండేది.

లైవ్‌లో ఫోన్ కార్యక్రమం వచ్చాక కొత్త తలనొప్పి. ల్యాండ్‌లైన్ జంట తీగల్లోంచి కెపాసిటర్, ట్రాన్స్‌ఫార్మర్ గుండా లైను తీసి మిక్సర్‌కు కలిపితే ఫోన్ చేసినవాళ్ల గొంతు టీవీలో వస్తుంది. ఇంట్లో టీవీ పక్కనే నిలబడి ఫోన్ చేస్తారు కదా, టీవీలో వచ్చిన తన గొంతు మళ్లీ ఫోన్‌లోకి, అక్కడి నుంచి మళ్లీ టీవీలోకి. కుయ్యిమని కూత. "అక్కా, జర మీ టీవీ సౌండ్ తక్కువ చేయుండ్రి" అనకుండా ఏ ఫోన్ కార్యక్రమమూ మొదలు కాలేదు. సౌండు తగ్గించడానికి అక్క ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్లేది. ఆ విరామంలో ఊరంతా ఆమె ఇంట్లోని కుక్కర్ విజిల్ వినేది. మరుసటి రోజు కిరాణా కొట్టులో అదే ముచ్చట.

*

జాతరలప్పుడు స్టూడియో బయటికి నడిచేది. చెర్వుగట్టు, సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు, పాలమూరు వైపు కురుమూర్తి, మన్యంకొండ. కురుమూర్తిలో ఉద్దాల ఉత్సవం రోజున గుట్ట కింద జనం గొంతులో కెమెరా మైకు మునిగిపోతుంది. మంచి సౌండు కావాలంటే మైక్‌సెట్ అతన్ని బతిమాలాలి. "అన్నా, ఒక లైన్ ఇయ్యవా?" మైక్‌సెట్ వాళ్లకూ కేబుల్ వాళ్లకూ లోలోపల పోటీ, అయినా ఇచ్చేవారు.

ఆ లైన్ ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది తెలిసి ఉండాలి. దూరదూరంగా కట్టిన హార్న్‌లకు అహూజా ఆంప్లిఫయర్ పంపేది 100 వోల్టుల లైను. పొడవు తీగలో నష్టం తగ్గడానికి ఆ ఏర్పాటు. కెమెరా మైకు సాకెట్ ఎదురుచూసేది వోల్టులో వెయ్యో వంతు. తొందరలో మొసలి క్లిప్పులు హార్న్ కొసలకు తగిలించినవాళ్ల కెమెరా ఆ జాతరకు అక్కడితో సరి. పాతకాపులు ఆంప్లిఫయర్ వెనక లైన్ అవుట్ వెతికేవారు. అది లేకపోతే పెట్టె ముందు ఇంకో మైకు పెట్టి, దానికి తువ్వాలు చుట్టి సరిపెట్టుకునేవారు. తీసిన టేపు ఆర్టీసీ డ్రైవర్ చేతిలో పెడితే రాత్రి వార్తలకు పట్నం చేరేది.

*

చేతికందిన సామానుతో ప్రసారం చేయడం ఈ నేలకు కేబుల్‌తోనే రాలేదు. హైదరాబాద్ చిరాగ్ అలీ లేన్‌లో 1930లలో మహబూబ్ అలీ సొంతంగా నడిపిన 200 వాట్ల చిన్న కేంద్రాన్నే 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. దక్కన్ రేడియో అలా ఎదిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపిన సైట్ ప్రయోగంలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. కోళ్లకు కట్టే లాంటి జాలీతో చేసిన పదడుగుల యాంటెన్నా కింద బడి ఆవరణలో జనం కూర్చుని చూశారు. సామాను మెరుగైనాక కూడా ఆ తీరు బతకొచ్చని పక్క జిల్లా చూపింది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు లైసెన్సు రాకముందు ఏళ్లతరబడి క్యాసెట్ల మీద కార్యక్రమాలు రికార్డు చేసి, 2008 అక్టోబర్‌లో సంఘం రేడియోగా గాల్లోకి వచ్చారు. నల్లగొండ, పాలమూరు కేబుల్ గదులకు అలాంటి సంఘం వెన్నుదన్ను దొరకలేదు. వాటిది వ్యాపారం, లెక్క కుదిరినన్నాళ్లే నడిచాయి.

లెక్క తప్పించింది సెట్‌టాప్ బాక్సు. కేబుల్ చట్టానికి 2011లో వచ్చిన సవరణతో డిజిటల్ తప్పనిసరైంది. విడతలవారీగా నగరాలు, పట్నాలు అయి, చివరి విడతకు 2017 మార్చి 31 గడువు. అనలాగ్ సిగ్నల్ ఆగిపోగానే మాడ్యులేటర్ల వరుస ఇనుము కింద లెక్క. ఛానెళ్లన్నీ పెద్ద కంపెనీ హెడ్‌ఎండ్ నుంచి ఫైబర్‌లో దిగుతాయి. ఊరి ఛానెల్‌కు అందులో చోటు కావాలంటే కంపెనీతో మాట్లాడుకోవాలి, రుసుము కట్టాలి. కొన్ని ఊళ్లలో కట్టి నడిపారు. ఎక్కువచోట్ల గది అద్దెకిచ్చేశారు.

సౌండు విషయంలో ఏడవాల్సిందేమీ లేదు. ఇప్పుడు వచ్చేది శుభ్రమైన స్టీరియో, వేలికి జిల్లు లేదు, పెద్దకాలు పీకిన ప్లగ్గు లేదు. చేజారినది వేరే. ఆ రోజుల్లో సౌండు బాగాలేకపోతే చూసేవాళ్లు చెప్పులేసుకుని కంట్రోల్ రూమ్‌కే వచ్చేవారు. తప్పు చేసినవాడు, దిద్దగలిగినవాడు, తిట్టేవాడు ముగ్గురూ ఒకే గల్లీవాళ్లు. ఇప్పుడు ఫిర్యాదు కాల్‌సెంటర్‌కు వెళ్తుంది. ఏ వార్డుకు నీళ్లు రావో చెప్పే బాధ్యత వాట్సాప్ గ్రూపులది. అదీ వేగంగానే అందుతుంది, కానీ నంబరు ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే.

ఆ మెకానిక్‌లలో కొందరు సీసీ కెమెరాలు బిగిస్తున్నారు, కొందరు సోలార్ వైపు వెళ్లారు. ఇంకొందరు ఫంక్షన్‌హాళ్లలో సౌండ్ చూసుకుంటున్నారు. ఊళ్లో యూట్యూబ్ ఛానెల్ పెట్టిన కుర్రాళ్లకు ఫోనూ కాలర్‌మైకూ చాలు, వైరు అతికించాల్సిన పని లేదు. హాలు మిక్సర్‌కు ల్యాప్‌టాప్ కలిపిన రోజున మాత్రం పాత మోత మళ్లీ వస్తుంది. ఎర్త్‌ల తగువు డిజిటల్‌తో తీరలేదు. దానికి ఆన్‌లైన్‌లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పేరుతో అగ్గిపెట్టెంత డబ్బా అమ్ముతున్నారు. విప్పి చూస్తే లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, ఆ పక్కా ఈ పక్కా ఎర్రపిన్ను, తెల్లపిన్ను. ఆ డబ్బా దొరకని పెళ్లిలో పిల్లలు పాత మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. అతను రాడు. "ముందుగాల ల్యాప్‌టాప్ చార్జర్ పీకు తమ్మీ, బ్యాటరీ మీద నడిపియ్యి. ఎంతసేపొస్తదో చూసుకో" అని ఫోన్ పెట్టేస్తాడు.